గడువు దాటకముందే అడగండి

2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది పదిహేడు లక్షల చిల్లర దగ్గరే. గోదావరి పాయ గౌతమి ఒడ్డునున్న యానాంలో చాలా కాలనీల్లోకి నీళ్లొచ్చేశాయి. అలాంటి రోజుల్లో కాలేజీకి ఎందుకు రాలేదని ఏ లెక్చరరూ అడగరు. రికార్డు తడిసిపోయిందంటే ఎవరూ రుజువు చూపించమనరు. వరద అందరి కళ్ల ముందూ ఉంటుంది.

నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్న సంగతి మాత్రం ఎవరికీ కనపడదు. తెల్లవారకముందే కాకినాడ బస్సెక్కి, ప్రభుత్వాస్పత్రి జీజీహెచ్‌లో వరసలో నిలబడి, మధ్యాహ్నం ల్యాబ్ క్లాసుకి పరుగెత్తుకొచ్చే అమ్మాయి సార్ కంటికి ఆలస్యంగా వచ్చే అమ్మాయే. ఆమె నోరు తెరిచి చెబితే తప్ప ఆయనకు తెలిసే దారి లేదు. ఇంత చిన్న విషయం దగ్గరే మన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటున్నారు. చదవలేక కాదు, చెప్పలేక.

చెప్పకపోవడానికి మనవాళ్లకి కారణాలుంటాయి. ఇంటి సంగతి బయటపెడితే పరువు పోతుందని కొందరు, అడిగితే చులకనైపోతామని కొందరు, ఎలాగూ ఒప్పుకోరు కదా అని మరికొందరు. చివరికి చేసేదేమిటంటే సబ్మిషన్ రోజు కాలేజీకి వెళ్లకపోవడం. ఫోన్ స్విచ్ఛాఫ్ చేయడం. రెండు వారాల తర్వాత స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ‘సార్, ఒక్క ఛాన్స్ సార్’ అనడం. అప్పటికి మార్కులు ఎక్కించేసి ఉంటారు. ఆ సార్‌కి మనసున్నా చేయడానికి చేతిలో ఏమీ మిగలదు.

ఇంతకన్నా ప్రమాదకరమైన అలవాట్లు ఇంకో రెండున్నాయి. ఒకటి, మన బదులు ఇంకొకరిని పంపడం. బాబాయ్‌కి తెలిసిన నాయకుడు ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేస్తాడు. పని జరిగినా జరగకపోయినా ఆ డిపార్ట్‌మెంట్‌లో మీ పేరు ‘ఫోన్ చేయించిన కుర్రాడు’గా మిగిలిపోతుంది. రెండోది, దొంగ మెడికల్ సర్టిఫికెట్. ఎక్కడ, ఎంతకు దొరుకుతుందో క్లాసులో అందరికీ తెలుసు, లెక్చరర్లకీ తెలుసు. దానివల్ల నష్టపోయేది నిజంగా టైఫాయిడ్‌తో పడుకుని లేచిన పిల్లవాడు. వాడి కాగితాన్ని కూడా అనుమానంగానే చూస్తారు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. అబద్ధపు కాగితం పెట్టకండి. నిజం చెప్పి రెండు మార్కులు పోగొట్టుకున్నా ఫర్వాలేదు.

ఎప్పుడు అడగాలి? గడువు దాటకముందు. వీలైతే మూడు నాలుగు రోజుల ముందు. ఇబ్బంది రాత్రికి రాత్రే వస్తే, ఆ రాత్రే రెండు వాక్యాల మెసేజ్ పెట్టండి, వివరాలు మర్నాడు ఇవ్వండి. గడువుకు గంట ముందు పంపిన మెసేజ్‌కీ గంట తర్వాత పంపిన మెసేజ్‌కీ చాలా తేడా ఉంది. ముందు అడిగితే అది విన్నపం, తర్వాత అడిగితే సంజాయిషీ.

యానాం పిల్లలు ఈ మాట ఇంకాస్త గట్టిగా పట్టించుకోవాలి. ఊరి చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన పుదుచ్చేరిది. ఇక్కడి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధం. ఆ విశ్వవిద్యాలయం ఉన్న కాలాపేట్ ఇక్కడికి ఎనిమిదొందల కిలోమీటర్ల పైచిలుకు. కాకినాడ జేఎన్‌టీయూ విద్యార్థి సిటీ బస్సెక్కి వెళ్లి సెక్షన్‌లో గుమస్తాని అడిగి రావచ్చు. మీకు ఆ వీల్లేదు. మీ అర్జీ ప్రిన్సిపాల్ గారి సంతకంతో, కవరింగ్ లెటర్‌తో అంత దూరం వెళ్లి, అక్కడ ఫైల్లో చేరి, తిరిగి జవాబై రావాలి. మెయిల్లో పంపినా సంతకాలు సంతకాలే.

అందుకే ఏది ఎవరి చేతిలో ఉందో ముందే తెలుసుకోండి. అసైన్‌మెంట్, సెమినార్, రికార్డు లాంటివి సాధారణంగా సబ్జెక్టు లెక్చరర్ చేతిలోనే ఉంటాయి, మాటతో అయిపోతాయి. ఇంటర్నల్ పరీక్ష మళ్లీ పెట్టాలంటే హెచ్‌ఓడీ గారు ఒప్పుకోవాలి. హాజరు తగ్గితే ప్రిన్సిపాల్ దాకా, ఆపైన విశ్వవిద్యాలయం దాకా వెళుతుంది. సెమిస్టర్ పరీక్ష తేదీ మార్చడం కాలేజీలో ఎవరి వల్లా కాదు. లెక్చరర్‌ని పట్టుకుని ‘సెమిస్టర్ పరీక్ష తర్వాత రాస్తాను మేడమ్’ అని ఏడిస్తే ఆవిడ ఓదార్చగలరు, అంతే. హాజరు విషయంలో చాలా విశ్వవిద్యాలయాలు 75 శాతం అడుగుతాయి. జేఎన్‌టీయూ కాకినాడ లాంటి చోట్ల 65కీ 75కీ మధ్య ఉంటే, సరైన కారణం, కాగితం చూపించి, హాజరు లోటును మన్నించే కండోనేషన్ ఫీజు కట్టుకునే వీలుంది. 65 కంటే తగ్గితే ఎంత నిజమైన కష్టమైనా తలుపు దాదాపు మూసుకున్నట్టే. కాబట్టి హాజరు 72కి పడినప్పుడే నోరు విప్పాలి, 61కి చేరాక కాదు. మీ విశ్వవిద్యాలయం అంకెలు ఏమిటో హ్యాండ్‌బుక్‌లో చూసుకోండి. చాలామంది ఆ పుస్తకాన్ని అడ్మిషన్ రోజున తీసుకుని మళ్లీ తెరవరు.

ఇక ఎలా అడగాలి. డయాలసిస్ అమ్మాయినే తీసుకుందాం. శుక్రవారం ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి, సోమవారం నాన్నని ఆస్పత్రిలో చేర్చారు. మంగళవారం ఆమె రాయాల్సిన ఉత్తరం ఇలా ఉండొచ్చు:

‘మేడమ్, నేను మూడో సంవత్సరం విద్యార్థినిని. శుక్రవారం ఇవ్వాల్సిన ప్రాజెక్టు రిపోర్టు గురించి రాస్తున్నాను. మా నాన్నగారిని నిన్న కాకినాడ జీజీహెచ్‌లో చేర్చాం. రాత్రిళ్లు ఆయన దగ్గర నేనే ఉంటున్నాను. రిపోర్టులో మొదటి మూడు అధ్యాయాలు పూర్తయ్యాయి, దీంతో పాటు పంపుతున్నాను. నాలుగో అధ్యాయం, పట్టికలు మిగిలాయి. వచ్చే బుధవారం సాయంత్రం నాలుగింటిలోపు మొత్తం ఇవ్వగలను. ఆస్పత్రి అడ్మిషన్ కాగితం జత చేశాను. మీ అనుమతి సరిపోతుందా, హెచ్‌ఓడీ గారికి కూడా రాయాలా అన్నది దయచేసి చెప్పండి.’

అంతే. కింద పేరు, రోల్ నంబరు, ఫోన్ నంబరు. ఇంగ్లిషులో రాసినా వరస ఇదే. ఇందులో ఏడుపు లేదు, పొగడ్త లేదు, ‘మీరే నా దేవుడు’ లేదు. ఏ పని, ఏ తేదీ, ఏం జరిగింది, ఎంత అయింది, ఎంత మిగిలింది, ఎప్పుడిస్తాను, రుజువు ఏది అన్నవి ఉన్నాయి. అన్నిటికన్నా బలమైనది మూడు అధ్యాయాలూ జత చేయడం. చేసిన పని కళ్ల ముందుంటే ‘ఈ అమ్మాయి తప్పించుకోవడం లేదు’ అని వేరే చెప్పక్కర్లేదు. రెండో బలం బుధవారం నాలుగింటిలోపు అన్న మాట. ‘ఇంకొంచెం టైమ్ ఇవ్వండి’ అంటే నిర్ణయించే భారమంతా ఎదుటివారి మీద పడుతుంది. తేదీ మీరే చెబితే వాళ్లు సరే అనొచ్చు, లేదా ‘మంగళవారానికి ఇవ్వు’ అనొచ్చు. ఏదైనా మాట ముందుకు సాగుతుంది.

ఆ తేదీని కాస్త ఆలోచించి పెట్టుకోండి. మొహమాటానికి ‘ఒక్కరోజు చాలు సార్’ అనేసి, ఆ రోజూ ఇవ్వలేక రెండోసారి అడిగేవాళ్లే ఎక్కువ. నాలుగు రోజులు పట్టేదానికి అయిదు రోజులు అడగండి. అడిగాక నాలుగో రోజే ఇచ్చేయండి.

నోటిమాటగా సరే అన్నా, ఆ సాయంత్రం ఒక చిన్న మెసేజ్ పెట్టండి: ‘మేడమ్, ఈరోజు మీరు చెప్పినట్టు బుధవారానికి రిపోర్టు ఇస్తాను, ధన్యవాదాలు.’ ఇది అనుమానంతో చేసే పని కాదు. ఆవిడ డజన్ల కొద్దీ పిల్లలకి మాటిచ్చి ఉంటారు. గుర్తుపెట్టుకునే పని మీరు తగ్గిస్తున్నారు.

ఎంతవరకు చెప్పాలి అన్నది కొందరికి పెద్ద చిక్కు. ఇంట్లో తాగుడు గొడవ, అమ్మానాన్నల విడాకులు, గర్భస్రావం, మానసిక వైద్యుడి మందులు ఇలాంటివి స్టాఫ్ రూమ్‌లో నలుగురి ముందు చెప్పుకునేవి కావు. చెప్పక్కర్లేదు కూడా. ‘కుటుంబంలో తీవ్రమైన సమస్య ఉంది, వివరాలు మీతో విడిగా చెప్పగలను’ అన్నది గౌరవప్రదమైన వాక్యం. మీరు నమ్మే ఒక్క అధ్యాపకుడికో అధ్యాపకురాలికో సంగతి తెలిస్తే, మిగతావాళ్లతో వాళ్లే మాట్లాడి పెట్టగలరు. డాక్టర్ కాగితం కూడా రోగం పేరుతో ఉండాలని లేదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు విశ్రాంతి అవసరమన్నది చాలాచోట్ల సరిపోతుంది.

ఇక్కడో సంగతి గట్టిగా చెప్పాలి. కొన్ని సడలింపులు దయ కాదు, హక్కు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. పరీక్షా విధానంలో తగిన మార్పులు, అదనపు సమయం, మన బదులు రాసిపెట్టే స్క్రైబ్ సదుపాయం అందులో రాసిపెట్టి ఉన్నాయి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉండి రాయడానికి ఇబ్బందిపడేవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మూడు గంటల పరీక్షకు గంట. రాస్తుంటే చెయ్యి పట్టేసే జబ్బున్న అభ్యర్థి వికాస్ కుమార్ యూపీఎస్‌సీ మీద వేసిన కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, 40 శాతం లేదన్న ఒక్క కారణంతో స్క్రైబ్‌ని కాదనకూడదని చెప్పింది. 2022 ఆగస్టులో 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉన్నవాళ్లకోసం విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రం కావాలి కాబట్టి పరీక్షలకి నెల ముందే కదలండి. పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మామూలుగా గరిష్ఠ గడువు ఆరేళ్లు, తిరిగి నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్లు, మహిళలకీ దివ్యాంగులకీ ఆపైన మరో రెండేళ్లు. ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు. పెళ్లయి చదువు ఆపేద్దామనుకుంటున్న మన ఆడపిల్లల్లో ఇది తెలిసినవాళ్లు ఎంతమంది?

కోవిడ్ వచ్చినప్పుడు పరిశోధక విద్యార్థుల థీసిస్ గడువును యూజీసీయే పదేపదే పొడిగించింది. కష్టం నిజమైనప్పుడు తేదీ జరపడం వ్యవస్థకు కొత్త కాదు.

అమెరికా వెళ్లిన మన గోదావరి పిల్లలకి ఇంకో హెచ్చరిక. ఎఫ్‌1 వీసా మీద ఉండి, ఒంట్లో బాగాలేదని కోర్సులు వాళ్లంతట వాళ్లే వదిలేస్తే స్టేటస్ పోతుంది. ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అధికారి అనుమతి తీసుకోవాలి. డాక్టర్ ఉత్తరం ఉంటే వైద్య కారణాలపై ఒక్కో డిగ్రీ స్థాయిలో మొత్తం పన్నెండు నెలల వరకు కోర్సులు తగ్గించుకోవచ్చు. ఒక సబ్జెక్టులో చాలావరకు పని అయిపోయి కొంచెం మిగిలితే ఫెయిల్ వేయించుకోకుండా ‘ఇన్‌కంప్లీట్’ గ్రేడ్ అడగొచ్చు. అక్కడి ప్రొఫెసర్లు ఇలాంటి మెయిళ్లు రోజూ చూస్తారు. మనవాళ్లే పంపడానికి వెనకాడతారు.

గడువు పెంచితే సరిపోని స్థితి కూడా ఉంటుంది. వారాలుగా నిద్ర లేదు, పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు, బతకాలనిపించడం లేదు. అప్పుడు అసైన్‌మెంట్ సంగతి పక్కన పెట్టి ముందు మనిషి కోసం వెతకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. విశాఖలో నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలకి మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలన్నది అందులో ఒకటి. మీ కాలేజీలో ఎవరున్నారో అడగండి. ఎవరూ లేకపోతే ఎందుకు లేరని అడగండి.

అడిగినా కాదంటే? ఒక్కోసారి కాదంటారు. కారణం మర్యాదగా అడగండి, పైన ఎవరికి రాయొచ్చో అడగండి. అన్యాయం జరిగిందని నిజంగా అనిపిస్తే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ అది ఉండాలి, దాని నిర్ణయం మీద అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. మీ మొదటి మెసేజ్, దాని తేదీ, మీరు జత చేసిన కాగితాలు అక్కడే అక్కరకొస్తాయి.

చివరిగా అధ్యాపకులకి ఒక విన్నపం. సెమిస్టర్ మొదటి రోజే బోర్డు మీద రాయండి: ఆలస్యమైతే ఎన్ని మార్కులు తగ్గుతాయి, ఇబ్బందుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏ నంబరుకి చెప్పాలి. వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్న పిల్ల ఆ నంబరు రాసుకుంటుంది.