కాసాయి హాల్ట్‌లో ఏం పని?

ఏమర్రా చెల్లెళ్లూ, పిల్లల బాక్సులు సర్దేశారా? ఇంటాయన డ్యూటీకి వెళ్లిపోయారా? అయితే టీ గ్లాసు పట్టుకుని ఇలా వచ్చి కూర్చోండి. ఈసారి నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి.

నేను పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో. పెళ్లయి కాపురానికొచ్చింది కూడా నాలుగు వీధుల అవతల ఇంకో క్వార్టర్‌కే. పగలూ రాత్రీ రైలు కూతల మధ్యే బతికాను. హౌరా బండి ఏదో, మన విశాఖ వైపు బండి ఏదో టైము చూసి చెప్పేస్తానని గొప్పలు కూడా పోయేదాన్ని. మరి మన స్టేషన్ నుంచి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేని కాసాయి నదిలో మొదటిసారి కాళ్లు ఎప్పుడు తడుపుకున్నానో తెలుసా? యాభై రెండో ఏట! అప్పటిదాకా ఆ నది నాకు మేదినీపూర్ వెళ్లేటప్పుడు వంతెన మీద మారే చక్రాల చప్పుడు, అంతే.

మా నాయనమ్మ ఇలా లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాప్ పెట్టాక సిక్కోలు పల్లెల నుంచి పనికొచ్చిన వాళ్ల వెనకే, ఒక ఇనప్పెట్టె, ఒక చంటిబిడ్డతో దిగింది. అంతకుముందు రైలెక్కి ఎరగదు. బెంగాలీ ముక్క రాదు. గోల్‌బజార్‌లో చేపల బేరం ఆడుతూ ఆడుతూ భాష నేర్చేసుకుంది. సాహసమంటే అదీ! ఆవిడ మనవరాలినైన నేను గోల్‌బజార్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి గోల్‌బజార్‌కి తిరిగి సగం జీవితం గడిపేశాను. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం మన తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుందని తెలిసి వీధంతా సంబరపడ్డాం. సంబరం సరే. ఈ నేల మనల్ని గుర్తుపట్టింది, మనం దీన్ని గుర్తుపడతామా అని ఆ రాత్రి నాకే అనిపించింది.

ఏం అడ్డొచ్చింది ఇన్నాళ్లూ? డబ్బు కాదు, లోకల్ టికెట్ ఎంతని! తీరిక కాదు, సీరియళ్లు చూసేంత ఉంది. అడ్డొచ్చింది ఒక ప్రశ్న. మనం చెప్పులేసుకోగానే ఎవరో ఒకరు అడుగుతారు చూడండి, “ఎక్కడికే? ఏం పని?” అని. బజారు, ఆస్పత్రి, గుడి, పెళ్లి – ఇవైతే పనులు. నది చూడ్డం పనా? మగాళ్లు గంటసేపు టీ కొట్టు దగ్గర నిలబడొస్తే ఎవరూ అడగరు. మన ఊళ్లో ధోనీ 2001 నుంచి రెండు మూడేళ్లు టికెట్ కలెక్టరుగా పనిచేశాడు, డ్యూటీ అయ్యాక ఇక్కడి మైదానాల్లో ఆడాడు. ఆ మైదానాల్లో మన ఆడపిల్లలు ఎప్పుడూ గట్టు మీదే కూర్చున్నారు, గమనించారా? నన్నడిగితే మనకి సాహసమంటే కొండెక్కడం కాదమ్మా, ఏ పనీ లేకుండా గడప దాటడం.

ఆ రోజు సంగతి చెప్తాను. పుష్య మాసం, ఎండ వెచ్చగా హాయిగా ఉంది. పక్కింటి బెంగాలీ వదిన (బౌదీ), నేను మేదినీపూర్ లోకల్ ఎక్కాం. గిరి మైదాన్, గోకుల్‌పూర్ దాటగానే కాసాయి హాల్ట్. ఎన్నిసార్లు ఆ పేరు చదివానో, ఒక్కసారీ దిగలేదు. “ఏం పని దీదీ ఇక్కడ?” అని ఆవిడా అడిగింది! “నది చూడాలి” అన్నాను. అలా అన్నప్పుడు నాకే సిగ్గేసింది.

చలికాలం కదా, నది సన్నగా ఒదిగి పోతోంది. చుట్టూ పరుచుకున్న ఇసకే ఎక్కువ. చెప్పులు చేత్తో పట్టుకుని దిగాం. పైన ఇసక వెచ్చగా ఉంది, వేళ్లతో కాస్త తవ్వితే లోపల చల్లగా, తడిగా తగిలింది. మడమ కింద నుంచి నీళ్లు ఇసకని లాక్కుపోతుంటే ఓలమ్మో, పడిపోతానేమో అని బౌదీ భుజం పట్టుకున్నాను. ఆవిడ నన్ను పట్టుకుంది. ఇద్దరం పడ్డాం! నవ్వి నవ్వి పొట్ట నొప్పెట్టింది. నేను తెచ్చిన పులిహోర, ఆవిడ ఆవనూనె, పచ్చిమిరపకాయలతో కలిపిన మరమరాలు ఒకే కాగితం మీద పోసుకుని తిన్నాం. ఆ కబుర్లలో పడి తిరుగు బండి కాస్తా వదిలేశాం. తర్వాతి దాని కోసం తడి చీరలతో చలికి వణుకుతూ కూర్చున్నాం. ఇంట్లో చీవాట్లు పడ్డాయా అంటే పడ్డాయి. అయినా ఆ రాత్రి పట్టిన నిద్ర చాలా ఏళ్లుగా ఎరగను.

ఇంగ్లండులో అలస్టేర్ హంఫ్రీస్ అని ఒకాయన సైకిలు మీద ప్రపంచం చుట్టొచ్చి, ఆ తర్వాత ఇంటి దగ్గరి చిన్న చిన్న సాహసాల మీద 2014లో పుస్తకం వేశాడు. ఆఫీసు సాయంత్రం ఐదుకి వదిలితే మళ్లీ పొద్దున్న తొమ్మిదిదాకా టైమంతా నీదే, పక్కనున్న గుట్ట మీద పడుకుని రా అంటాడు. మంచి మాటే. ఆ ఐదుకీ తొమ్మిదికీ మధ్య అన్నం ఎవరు వండుతారో మాత్రం అడగాలి ఆయన్ని! మన లెక్క వేరు. బాక్సులు వెళ్లాక మధ్యాహ్నం దాకా మనది. నెలకో ఆదివారం, ముందే చెప్పి ఉంచితే, మనది.

ఎక్కడికని అడుగుతారేమో. మొదట మన ప్లాట్‌ఫారమే ఉంది. 1072 మీటర్ల పైచిలుకు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది, ఆ పేరు 2013లో గోరఖ్‌పూర్‌కి, 2023లో హుబ్బళ్లికి పోయింది. పోతే పోయింది, మన కాళ్లకి చాలదూ? ప్లాట్‌ఫారం టికెట్ మీద రెండు గంటలు ఉండొచ్చు. ఆ చివరిదాకా పోయి వస్తే రెండు కిలోమీటర్లు దాటుతుంది. పైగా ప్లాట్‌ఫారం మీద ఆడమనిషిని ఏం పని అని ఎవరూ అడగరు, ఎవర్నో ఎక్కించడానికి వచ్చిందనుకుంటారు!

కాస్త ధైర్యం వచ్చాక ఇందా వైపు నడవండి. అక్కడ ఖడ్గేశ్వరుడి గుడి, హిడింబేశ్వరి గుడి ఉన్నాయి. భీముడు హిడింబని చూసింది ఇక్కడేనని ఊరివాళ్ల మాట. అదే వరస పట్టుకుని ఆద్రా లైనులో గడబేతా దాకా వెళ్లారంటే, స్టేషన్ నుంచి టోటో రిక్షాలో గన్‌గని. శిలావతి నది ఒడ్డున ఎర్రమట్టిని వానలూ వరదలూ కోసి కోసి లోయలు చేసేశాయి. భీముడు బకాసురుణ్ని చంపింది అక్కడని చెప్తారు, ఆ కుమ్ములాటకే నేల అలా చీలిందట. హిడింబ తర్వాత బకాసురుడు, భారతంలో వరసా అదే కదా! పిల్లలకి కథ చెప్పుకుంటూ దిగితే కాళ్ల నొప్పి తెలీదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, అప్పని కదా. వానాకాలం నది దగ్గరికి వద్దు. ఇసక తవ్విన చోట గుంటలుంటాయి, తెలియని చోట మోకాళ్లు దాటి దిగొద్దు. చైత్రం వచ్చిందంటే ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి, సాయంత్రాలు కాలబైశాఖి గాలివాన చెప్పి రాదు. వరి పండే వేళకి దల్మా కొండల వైపు నుంచి ఏనుగులు దిగుతాయి, ఊరివాళ్లని అడక్కుండా సాల అడవిలోకి అడుగుపెట్టొద్దు. ఫాల్గుణంలో మోదుగ పూలు మాత్రం వదులుకోకండి, రైలు కిటికీలోంచైనా సరే.

మొన్న వత్తులు చేసుకుంటూ మా అత్త, ఎనభై దాటిన మనిషి, నన్ను పిలిచింది. “ఆ కాసాయి హాల్ట్‌లో దిగడానికి మెట్లు ఎత్తుగా ఉంటాయేటే?” అంది. ఏం పని అని మాత్రం అడగలేదు.

ఉంటానర్రా,
మీ అప్ప