రెండవ కొలత

కర్నూలు నుండి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు సమీపాన రెండు వేల మీటర్ల పొడవైన రన్‌వే ఉన్నది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకున్న ఆ విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైనది. మూడు రోజుల తరువాత ప్రయాణికుల రాకపోకలు మొదలైనప్పుడు అక్కడ దిగినది ఏ.టి.ఆర్. 72 అనే జంట ఇంజన్ల విమానం. అంతకు ముందు 2015 జూన్‌లో కడప విమానాశ్రయం నుండి ప్రయాణాలు మొదలైనప్పుడు ఎగిరినదీ ఆ జాతి విమానమే. రాయలసీమ విద్యార్థులలో పలువురు దగ్గరగా చూచిన తొలి విమానం ఇదే అయి ఉండవచ్చు.

అట్టి విద్యార్థి ఒకడు ఆ విమానాన్ని కంప్యూటరులో త్రిమితీయ నమూనాగా నిర్మించదలచినాడనుకుందాం. అతనికి ముందుగా కావలసినవి మూడు చిత్రాలు: పై నుండి చూచినట్లు ఒకటి, పక్క నుండి ఒకటి, ఎదుట నుండి ఒకటి. ఛాయాచిత్రం ఇందుకు పనికిరాదు. కెమెరాకు దగ్గరగా ఉన్న రెక్క పెద్దదిగాను, దూరంగా ఉన్న తోక చిన్నదిగాను కనబడుతాయి. గీసిన చిత్రంలో ఈ దోషం ఉండదు. అయితే గీసిన చిత్రమంతటా నిజమే ఉంటుందని భ్రమించరాదు. కాగితం తేమకు సాగుతుంది. స్కానర్ ఒక దిశలో కొంచెం లాగుతుంది. పుస్తకంలో చోటు చాలక ముద్రాపకుడు చిత్రాన్ని నొక్కుతాడు. కంటికి ఇవేవీ తెలియవు.

ఏ.టి.ఆర్. 72 రెక్కల విస్తారం 27.05 మీటర్లు. పై చిత్రంలో ఒక రెక్క కొన నుండి రెండవ రెక్క కొన వరకు 1082 పిక్సెళ్లు వచ్చినవనుకుంటే, ఒక్కొక్క పిక్సెల్ రెండున్నర సెంటీమీటర్లకు సమానం. (ఇదే కొలబద్దతో ఓర్వకల్లు రన్‌వేను గీయబోతే ఎనభై వేల పిక్సెళ్లు కావాలి!) కొత్తవారు సాధారణంగా ఇక్కడితో తృప్తిపడి నిర్మాణం మొదలుపెడతారు. చిక్కు ఇక్కడే ఉన్నది. ఒక్క కొలతతో ఏ చిత్రాన్నయినా సరిపెట్టవచ్చు. ఆ కొలత తీసిన దిశలో అది సరిపోయినంత మాత్రాన తక్కిన దిశలలో సరిపోయినట్లు కాదు.

ఈ చిక్కును రెండు వందల ఏళ్ల క్రిందట, ఇదే సీమలో, చాలా పెద్ద ఎత్తున ఎదుర్కొన్నవాడు విలియం లాంబ్టన్. 1802లో మద్రాసు వద్ద సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను నూరడుగుల ఉక్కు గొలుసుతో కొలిచి, దాని మీద త్రిభుజాలు అల్లుకుంటూ ఆయన దేశాన్ని కొలవసాగినాడు. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక గొలుసు పక్కన ఉష్ణమాపకాలు ఉంచి, ఆ సాగుదలను లెక్కలో సవరించినాడు. త్రిభుజాలు పెరిగిన కొద్దీ, మొదటి రేఖలోని చిన్న తప్పు కూడా వాటితోపాటు వ్యాపిస్తుంది. అందుచేత 1811లో గుత్తి సమీపాన మరొక రేఖను నేలపై కొలిచి, లెక్క ప్రకారం దానికి రావలసిన పొడవుతో పోల్చినాడు. ఎన్నో ఏళ్ల శ్రమ సరియో కాదో ఆ ఒక్క రేఖ చెప్పవలసి ఉండెను. ఆ సాహసం తక్కువది కాదు.

విమాన నమూనాకూ ఆ రెండవ రేఖ అవసరమే. ఈ విమానం పొడవు 27.17 మీటర్లు, అంటే రెక్కల విస్తారం కంటే పన్నెండు సెంటీమీటర్లే ఎక్కువ. కనుక పై చిత్రంలో పొడవు 1087 పిక్సెళ్ల దగ్గర ఉండాలి. అది 1065గా వస్తే చిత్రం పొడవు దిశలో రెండు శాతం కుంచించుకున్నదన్నమాట. చూపుకు ఏమీ తేడా ఉండదు. నమూనాలో మాత్రం అర మీటరుకు మించి లోపిస్తుంది. పక్క చిత్రాన్ని వేరుగా సరిచూడాలి. అందులో పొడవు 1087, ఎత్తు 7.65 మీటర్లకు గాను 306 పిక్సెళ్లు ఉండాలి. ఎదుటి చిత్రానికి ప్రొపెల్లర్ మంచి సాక్షి. దాని వ్యాసం 3.93 మీటర్లు. అది తిరిగే వలయం అడ్డంగానూ నిలువుగానూ 157 పిక్సెళ్లుంటే మేలు. కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఆ చిత్రం సాగినదే.

గీత మందాన్ని కూడా తేలికగా చూడరాదు. పాత గ్రామ పటాలలో పదహారు అంగుళాలు ఒక మైలుకు సమానం. ఆ పటంలో అర మిల్లీమీటరు మందపు గీత పొలంలో దాదాపు రెండు మీటర్లవుతుంది. గట్టు తగాదా వచ్చినప్పుడు గీత ఏ అంచు నుండి కొలవాలన్నదే పెద్ద ప్రశ్న. విమాన చిత్రంలో మూడు పిక్సెళ్ల గీత ఏడున్నర సెంటీమీటర్లు. ఒక చిత్రంలో గీత వెలుపలి అంచు నుండి, మరొక దానిలో మధ్య నుండి కొలిస్తే మూడు చిత్రాలు ఎన్నటికీ కలిసిరావు. ఏ అంచు అయినా ఫరవాలేదు, కాని అన్నింటా అదే ఉండాలి.

తప్పు తేలినప్పుడు చిత్రాన్ని అడ్డం, నిలువు దిశలలో వేరువేరుగా సరిచేయవచ్చు. సాగుదల అంతటా సమానంగా ఉంటే అది చాలును. ముక్కు వైపు సరిగా ఉండి తోక వైపు మాత్రమే వంకర పోయిన చిత్రానికి ఈ వైద్యం పనిచేయదు. దానిని పక్కన పెట్టి మరొకటి వెతకడమే మంచిది. నెల రోజులు నిర్మించిన తరువాత రెక్క మొదలు దేహంలోని అమరికకు నాలుగు వేళ్లు పక్కకు జరిగి ఉండటం కంటే, మొదటి రోజున ఒక చిత్రం పారవేయడం తక్కువ నష్టం.