కురుడుమలె దారి, వీఆర్ కళ్లద్దాల్లో

కర్ణాటకలోని ములబాగిలు నుంచి కురుడుమలె వినాయకుడి గుడికి వెళ్లే దారిలో నడిచేవాళ్లకూ, సైకిల్ తొక్కేవాళ్లకూ ఎక్కడ గుండె జారుతుంది? తేల్చడానికి ఎవరినీ లారీ ముందుకు పంపనక్కర్లేదు. ఆ దారినే వర్చువల్ రియాలిటీ (వీఆర్)లో కట్టి చూపించవచ్చు.

ముందు ఒక మలుపూ, జనం రోడ్డు దాటే చోటూ ఉన్న చిన్న ముక్కను ఎంచుకుని, 360 డిగ్రీల కెమెరాతో తీయాలి. కెమెరాను పెద్దల కంటికి 1.5 మీటర్ల ఎత్తులో, బడిపిల్లలకు ఇంకా కిందికి దించి పెట్టాలి. పొద అవతలి బండి తండ్రికి కనిపించినా కొడుక్కి కనిపించకపోవచ్చు. శబ్దం విడిగా రికార్డు చేయాలి. నా దృష్టిలో బొమ్మకన్నా ఇదే ముఖ్యం: సైకిల్ మీద ఉన్నవాళ్లు వెనకొచ్చే టమాటా లారీని చూడరు, వింటారు.

వీడియోలో అటూ ఇటూ నడవలేం. అందుకే కొలతలు తీసుకుని యూనిటీ లాంటి గేమ్ ఇంజిన్‌లో దారి నమూనా కట్టాలి. 7 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు నడకకు దాదాపు 6 సెకన్లు పడుతుంది. ఈలోగా గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి 100 మీటర్లు వచ్చేస్తుంది. అంత దూరాన ఉన్న బండి కూడా కళ్లద్దాల్లా పెట్టుకునే హెడ్‌సెట్‌లో కంటికి స్పష్టంగా ఆనాలి.

తర్వాత ఒక్కో నమూనాలో ఒక్కటే మార్చాలి: కాలిబాట, వీధి దీపం, లేదా బండ్ల వేగం. రెండు కలిపి మారిస్తే ధైర్యం దేనివల్ల వచ్చిందో తెలియదు. హెడ్‌సెట్‌లో దూరాలు అసలుకన్నా తక్కువగా తోస్తాయి కాబట్టి, నమ్మదగింది నమూనాల మధ్య తేడానే.

అసలు సైకిల్‌నే స్టాండుకు బిగించి, చక్రానికి సెన్సర్ పెడితే తొక్కేకొద్దీ దారి కదులుతుంది. తల తిరుగుతోందంటే వెంటనే ఆపేయాలి.

ఈ పరీక్షకు కూర్చోబెట్టాల్సింది ఆ దారిన తిరిగేవాళ్లనే. ఎంత భయమేసిందో 1 నుంచి 5 వరకు మార్కులు వేయమనడంతో సరిపెట్టకుండా, తెలుగులోనో కన్నడంలోనో సూటిగా అడగాలి: "అమ్మా, ఈ దారిన మీ పాపను ఒంటరిగా బడికి పంపుతావా?"

మాటతోపాటు రోడ్డు దాటిన తీరునూ నమోదు చేయాలి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద తెరల మధ్య సైకిల్ తొక్కిన 10, 12 ఏళ్ల పిల్లలు, రోడ్డు దాటడానికి బండ్ల మధ్య పెద్దవాళ్లు ఎంచుకున్నంత ఖాళీనే ఎంచుకున్నారు. కానీ వాళ్లు దాటేసరికి కారు మరింత దగ్గరికొచ్చేసింది. కాబట్టి "భయం లేదు" అన్నవాళ్లు కూడా వెంట్రుకవాసిలో తప్పించుకున్న చోట్లను విడిగా గుర్తించి, రోడ్డు మరమ్మతు చూసే ఇంజనీర్లకు ముందుగా ఆ చోట్లనే చూపించాలి.