నింద మోసిన పక్షులు

దివిసీమ పల్లెలలో మధ్యాహ్నవేళ నేలపై ఒక నీడ కదలినంతనే తల్లికోడి కూత మారును. పిల్లలన్నియు పరుగున వచ్చి దాని రెక్కల క్రింద దాగుకొనును. "అదిగో గద్ద!" యని కేకవేయుచు ఇంటివారు కఱ్ఱ అందుకొందురు.

మచిలీపట్నమునకు చేరువనున్న గిలకలదిండి రేవులో చేపలు దింపువేళ ఆకాశమున రెండు జాతుల పక్షులు తిరుగుచుండును. ఒకటి ముదురు గోధుమవన్నెది. తోక నడుమ చీలినట్లుండును. అది గద్ద. రెండవది ఇటుకవన్నె మేను, తెల్లని తల, తెల్లని రొమ్ము గలది. దానిని గరుడపక్షి యందురు. విష్ణువు వాహనమని తలచి పెద్దలు దానికి చేతులు జోడింతురు. గద్ద యెత్తుకొనిపోవు చేపతునుకనే గరుడపక్షియు నెత్తుకొనిపోవును. అదను దొరకిన కోడిపిల్లనును విడువదు. పని యొక్కటియే, ఒకదానికి నమస్కారము, రెండవదానికి కఱ్ఱ.

ఈ భేదము మాటలలోనే యున్నది. 'గద్ద' లేక 'గ్రద్ద' యను పదము సంస్కృతమందలి 'గృధ్ర' శబ్దమునుండి వచ్చినదని నిఘంటుకారులు చెప్పుదురు. ఆ శబ్దమునకు 'అత్యాశ గలది' యని అర్థము. పరుల సొత్తు హరించినవానిని 'గద్దవలె తన్నుకొనిపోయినాడు' అందురు. డేగ సంగతి యట్లు కాదు. చూపు చురుకైనవానిది 'డేగకన్ను'. గుడివాడ ప్రాంతమున ఎఱ్ఱని ఈకల కోడిపుంజును సైతము 'డేగ' యని మురిపెముగా పిలుతురు. వేటకు మచ్చిక చేసిన డేగను 'సాళువము' అందురు. 15వ శతాబ్ది చివర విజయనగరము నేలిన సాళువ వంశమునకు ఆ పేరే బిరుదుగా నిలిచినది.

అన్నిటికంటె ఎక్కువ నింద మోసినది రాబందు. పేదల కష్టము దోచుకొను వడ్డీవ్యాపారిని 'రాబందు' అని తిట్టుదురు. కాని రాబందు చచ్చిన పశువునే తినును. ఊరి వెలుపల పడవేసిన కళేబరముపై గుంపుగా వాలి, కొలది గంటలలో ఎముకలు మాత్రము మిగిల్చి, కుళ్లు వ్యాపింపకుండ ఊరిని కాపాడును. సీతను విడిపింపబోయి రావణునితో పోరి ప్రాణము విడిచిన జటాయువు గృధ్రరాజే కదా!

1990 తరువాత దేశమంతట రాబందులు రాలిపోసాగినవి. పశువుల నొప్పికి వాడు డైక్లోఫినాక్ అను మందే కారణమని 2004లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ మందు పుచ్చుకొని చనిపోయిన పశువును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడును. భారత ప్రభుత్వము 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించినది. అప్పటికే మూడు జాతుల రాబందులు నూటికి తొంబదికి పైగా నశించినవి.

గద్దను చూచి కోడి బెదరుట సహజము. కోడిపిల్లలను కాచుకొనుట ఇంటివారి పని. కాని ఆకలి అత్యాశ కాదు. కడుపు నిండిన గద్ద రేపటికై మూట కట్టుకొనదు. తనలోని దుర్గుణమునకు మనుజుడు ఆ పక్షుల పేర్లు పెట్టినాడు. నేడు ఈ సీమలోని బాలురు 'రాబందు' అను తిట్టును విందురు. ఆ పక్షిని కన్నులార చూచినవారు అరుదు.