పిట్టల తోట అడిగితే వాక్కాయ చూపించండి

అపార్ట్‌మెంట్లు, పాఠశాలలు, ఆఫీసుల తోటలు చూసుకునేవాళ్లను ఇప్పుడు యజమానులు అడిగేది ఒకటే: ఏడాదంతా పచ్చగా ఉండాలి, నీళ్లు ఎక్కువ తాగకూడదు, పిట్టలూ సీతాకోకచిలుకలూ రావాలి. నిన్నటిదాకా పచ్చదనం అంటే కోనోకార్పస్ మొక్కలు తెచ్చి పెట్టేవారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడాన్నే నిషేధించింది. దాని బదులు మీరు ధైర్యంగా చెప్పదగ్గ మొక్క వాక్కాయ. మన నేలదే, మోడుబారదు, వేరు పట్టాక ఎండలకు బెదరదు.

కొమ్మ గుచ్చితే వాక్కాయ సులువుగా వేరు పట్టదు. వానాకాలంలో నల్లగా పండిన కాయల గింజలు తీసి, గుజ్జు కడిగి, వెంటనే నారు పోసుకోండి. దాచిన గింజ సరిగా మొలవదు. అంత తీరిక లేకపోతే నర్సరీలో ఏడాది మొక్క కొనండి. కాపు రావడానికి రెండు మూడేళ్లు పడుతుందని యజమానికి ముందే చెప్పండి.

వానలు పడగానే అడుగున్నర గొయ్యి తీసి, మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. కంచెగా వేస్తే మొక్కకూ మొక్కకూ మూడు నాలుగు అడుగులు వదలండి. నీరు నిలిచే చోటు పనికిరాదు. ముళ్లు గట్టివి, పొడవైనవి. పిల్లలు ఆడే చోటికి, నడకదారికి దూరంగా పెట్టండి. కొమ్మ తుంచితే తెల్లటి పాలు కారి బంకలా అంటుకుంటాయి. తోలు తొడుగులు లేకుండా చెయ్యి పెట్టకండి. పాలు అంటితే ముందు నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

అసలు పనితనం కత్తెర దగ్గర ఉంది. వాక్కాయకు పూగుత్తి కొమ్మ చివరే వస్తుంది. నెలనెలా గోడలా చదును చేస్తే ఆ చివర్లన్నీ పోతాయి. పూత లేకపోతే కాయ లేదు, కాయ లేకపోతే పికిలిపిట్టకు ఆ పొదతో పనిలేదు. అందుకే ఏడాదికి ఒక్కసారి, కాపు అయిపోయాక, దారికి అడ్డొచ్చే కొమ్మలూ ఎండుకొమ్మలూ మాత్రమే తీయండి. ఆకు కొరికిన గొంగళిపురుగు కనిపించిందని మందు కొట్టకండి. పిట్టలు పిల్లలకు పెట్టేది వాటినే.

కత్తెర పట్టేముందు పొద లోపలికి తొంగిచూడండి. ముళ్ల మాటున పిల్లికి అందని చోట చిన్న గిన్నెలాంటి గూడు ఉంటే పని ఆపేయండి. గుడ్లు పొదిగి, పిల్లలు ఎగిరిపోవడానికి సుమారు నెల పడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించిన అడవి పక్షుల గుడ్లు పాడుచేయడాన్నీ, గూళ్లు కదల్చడాన్నీ వేట కిందే లెక్కగడుతుంది. సూపర్‌వైజర్ తొందరపెడితే ఈ మాటే చెప్పండి.

కత్తిరింపు తగ్గింది కాబట్టి కూలీ తగ్గిస్తామని కొందరు అంటారు. ఒప్పందం రాసుకునేటప్పుడే పనులన్నీ విడివిడిగా రాయించండి: మొదటి రెండేళ్లు వేసవి తడులు, కలుపు, మొక్క మొదలు చుట్టూ రాలిన ఆకు కప్పడం, గూళ్లు చూసుకోవడం, ఏటా ఒక కత్తిరింపు, పురుగుమందు వాడకపోవడం. యజమానులు పప్పులోకి పచ్చికాయలు కోసుకుంటామంటే కోసుకోనివ్వండి, సగం పొద మాత్రం పిట్టలకు వదలమనండి. ఎక్కడ కత్తెర ఆపాలో తెలియడమూ నైపుణ్యమే. దానికి తగ్గ కూలీ అడగడానికి మొహమాటపడకండి.