ఫ్యూజు ఎగిరితే కోపమా, షాకా?

"రిజల్ట్స్ చూశాక ఫ్యూజులు ఎగిరిపోయాయిరా" అని హాస్టల్‌లో ఎవరైనా అంటే మనకి వెంటనే అర్థమైపోతుంది, దిమ్మతిరిగిందని. ఇదే మాటని ఇంటర్న్‌షిప్‌లో ఇంగ్లిష్‌లోకి దించి "ఐ బ్లూ ఎ ఫ్యూజ్" అన్నారనుకోండి, అవతలివాళ్ళకి చేరే కబురు వేరు. బ్లో ఎ ఫ్యూజ్ అంటే ఇంగ్లిష్‌లో పట్టరాని కోపంతో విరుచుకుపడటం. మీరు షాకయ్యానని చెప్తుంటే, వాళ్ళు మీరు ఎవరి మీదో అరిచారనుకుంటారు. ఫ్యూజు ఒకటే. మనకి కాలేది బుర్ర, వాళ్ళకి కాలేది ఒళ్ళు.

ఇంగ్లిష్ జాతీయాల్లో యంత్రాల నుంచి పుట్టినవి బోలెడు. వీటిని లిస్టు రాసుకుని బట్టీ పట్టేకన్నా వెనకున్న యంత్రాన్ని ఊహించుకోవడం తేలిక. ఆ విషయంలో బ్రాంచి ఏదైనా మనకి కాస్త అడ్వాంటేజే.

'పుష్ ది ఎన్వలప్' తీసుకోండి. ఉత్తరం కవరుని తోయడమేంటి అనిపిస్తుంది. ఇక్కడ ఎన్వలప్ అంటే ఫ్లైట్ ఎన్వలప్. ఒక విమానం ఏ ఎత్తులో ఎంత వేగంతో సురక్షితంగా ఎగరగలదో గ్రాఫ్ గీస్తే వచ్చే హద్దు అది. టెస్ట్ పైలట్లు ఆ హద్దుని ఇంకాస్త బయటికి జరపాలని చూసేవాళ్ళు. టామ్ వుల్ఫ్ 1979లో రాసిన 'ది రైట్ స్టఫ్'తో ఈ మాట మామూలు జనంలోకి బాగా వెళ్ళింది. ఇవాళ డిజైన్ అయినా సినిమా అయినా, అప్పటిదాకా ఎవరూ దాటని గీతని దాటబోతేనే వాడతారు. రోజువారీ పని చక్కగా చేసినందుకు వాడరు. (రెజ్యూమెల్లో మాత్రం అందరూ ఎన్వలప్పులు తోసేస్తున్నారు, అది వేరే సంగతి.)

'బ్యాక్ టు ది డ్రాయింగ్ బోర్డ్' విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1941లో 'ది న్యూయార్కర్' పత్రికలో పీటర్ ఆర్నో వేసిన కార్టూన్‌తో ఇది ప్రచారంలోకి వచ్చింది. కొత్త విమానం కూలిపోయింది. అందరూ అటు పరిగెడుతుంటే, చుట్టిన డ్రాయింగులు చంకలో పెట్టుకున్న ఒకాయన మాత్రం తాపీగా ఇటు నడిచొస్తుంటాడు, మళ్ళీ గీద్దాంలే అన్నట్టు. మన 'కథ మొదటికొచ్చింది' దీనికి దగ్గర. ప్రాజెక్ట్ గైడ్ ఈ మాట అంటే డిజైనే పనికిరాలేదని. అది పట్టుకోకుండా రెండు రాత్రులు కూర్చుని బగ్గులు సరిచేసి పంపితే ఆ రెండు రాత్రులూ గంగపాలే.

'త్రో ఎ స్పానర్ ఇన్ ది వర్క్స్'లో వర్క్స్ అంటే పనులు కావు, యంత్రం లోపలి భాగాలు. తిరిగే గేర్ల మధ్య పానా విసిరితే ఏమవుతుంది? మన 'అడ్డుపుల్ల వేయడం' అచ్చంగా ఇదే. బ్రిటిష్ వాళ్ళు స్పానర్ అంటే అమెరికన్లు మంకీ రెంచ్ అంటారు. చిన్న తేడా ఏంటంటే, మనకి అడ్డుపుల్ల వేసేది ఎక్కువగా మనుషులే. వాళ్ళ స్పానర్ వానైనా కావచ్చు, కరెంటు కోతైనా కావచ్చు.

'లెట్ ఆఫ్ స్టీమ్'కి బాయిలర్ సేఫ్టీ వాల్వ్ గుర్తు తెచ్చుకుంటే చాలు. దీన్ని తిట్టిపోయడం అనే అనుకుంటాం గానీ, ఇంటర్నల్స్ అయ్యాక గంటసేపు క్రికెట్ ఆడినా స్టీమ్ పోయినట్టే. 'క్రాస్డ్ వైర్స్' అంటే గొడవ కాదు, ఒకరు చెప్పింది ఇంకొకరికి ఇంకోలా అర్థమవడం. పాత టెలిఫోన్ లైన్లు కలిసిపోతే వినిపించే గందరగోళం లాంటిదన్నమాట.

ఇక రివ్యూల్లో తరచూ వినపడేది 'డోంట్ రీఇన్వెంట్ ది వీల్'. కొత్తగా ఆలోచించొద్దని మందలిస్తున్నారేమో అని ముఖం చిన్నబుచ్చుకునేవాళ్ళని చూశాను. వాళ్ళు చెప్పేది అది కాదు. సార్టింగ్ ఫంక్షన్ లైబ్రరీలో ఉంది, అది వాడుకుని మిగతా టైం మీ అసలు ఐడియా మీద పెట్టండి అని.