ఇంటి కంప్యూటరునందు తెలుగు అచ్చుకూర్పు

అచ్చుకూటమున కంపోజిటరు గళ్లపెట్టె ముందు నిలిచి, సీసపు అక్షరముల నొక్కొక్కటిగా నేరి పంక్తులు పేర్చు కాలము గడచినది. తెలుగున గుణింతములు, వత్తులు హెచ్చగుటచే గళ్లును హెచ్చు. పనివానికి ఓర్పును హెచ్చుగనే కావలసియుండెను. నేడా పనిని ఇంట కంప్యూటరున్న పదవ తరగతి విద్యార్థియు చేయగలడు. అయితే పరికరమును కంప్యూటరున నెక్కించుటలోనే పలువురు విసిగి మానుచున్నారు. కావున ఆ చిక్కులను గూర్చి యిచ్చట వ్రాయుచున్నాము.

మేము చెప్పబోవు పరికరము పేరు 'టెక్'. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాచార్యుడగు డొనాల్డ్ క్నూత్, తన గ్రంథపు ప్రూఫులలో అక్షరముల రూపము చూచి నొచ్చుకొని, 1977లో దీనిని నిర్మింప నారంభించెను. దీనికి వెల లేదు. 2004లో జోనాథన్ క్యూ వెలువరించిన 'జీటెక్' యూనికోడు అక్షరములను తిన్నగా చదువును గనుక తెలుగున కదియే యనువైనది.

పట్టణమున డి.టి.పి. దుకాణము లుండగా ఈ శ్రమ యేల యని తలిదండ్రులు కొంద రడుగవచ్చును. తెలుగునాట ఆ దుకాణములలో చిరకాలము పేజ్‌మేకరును, 'అను' ఫాంట్లను వాడిరి. ఆ ఫాంట్లలో ఆంగ్లాక్షరముల స్థానములందు తెలుగు రూపములు కూర్పబడినవి. ఫాంటు లేని కంప్యూటరున నదే వ్యాసమును తెరచిన తెలుగు మాయమై, అర్థములేని ఆంగ్లాక్షరములు కనబడును. సంచికకై మీరు వ్రాసిన పద్యము పదేండ్లకు మీకే చదువరాకపోవుట చిన్న నష్టము కాదు. 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులను 'గోలకొండ కవుల సంచిక'లో అచ్చున కెక్కించుటచేతనే గదా, తెలంగాణమున తెలుగు కవులు లేరను మాటకు జవాబు దొరకినది!

ఇక స్థాపన విషయము. 'టెక్ లైవ్' సంపుటి సమగ్రముగా పలు గిగాబైట్లుండును. పల్లెలలో నెట్టు తెగుచుండును గనుక, లైను బాగుగనున్నచోట మొత్తమును దించుకొని పెన్‌డ్రైవులో తెచ్చుకొనుట మేలు. దించిన ఫైలు చెక్‌సమ్ము సరిచూడక ముందుకు పోరాదు. స్థలము చాలనిచో చిన్న సంపుటితో మొదలిడి, వలసినవి తరువాత చేర్చుకొనవచ్చును. విండోసునందు తమ వాడుకరి పేరును తెలుగులో పెట్టుకొన్నవారికి కొన్నిసార్లు స్థాపన నడుమ నిలిచిపోవును; అట్టివారు ఆంగ్లాక్షరముల పేరుగల వేరొక ఖాతాను తెరచి ప్రయత్నింపవలెను. స్థాపన ముగిసినను ఆజ్ఞ గుర్తింపబడలేదని వచ్చినచో, ఆజ్ఞల కిటికీని మూసి మరల తెరవుడు. అప్పటికిని రాకున్న 'పాత్' అను పట్టికలో టెక్ లైవ్ చిరునామా చేరినదో లేదో చూడుడు. మొదటిసారి జీటెక్ నడచునపుడు ఫాంట్ల నన్నిటిని లెక్కించుకొనుచు చాలసేపు కదలక యుండవచ్చును. తొందరపడి ఆపవలదు.

బోధను ప్రాంతపు విద్యార్థులకు చక్కెర తయారగు క్రమము తెలియనిది కాదు. 1937లో స్థాపింపబడి 2015లో మూతపడిన శక్కర్‌నగరు నిజాం కర్మాగారమున పనిచేసినవారిని అడిగి చూడుడు: చక్కెర పలుకు కట్టనిచో వారు తుది తొట్టినే చూచుచు కూర్చుండరు, చెరకు నలుగగొట్టుట, రసము తేర్చుట, ఇగిర్చుట అను దశలను మొదటినుండి పరీక్షింతురు. టెక్కునందును ఇంతియే. తెరపై ఇరువది దోషములు కనబడినను మొదటిదానిని మాత్రము చదివి దిద్దవలెను. తక్కినవి తరచుగా దాని సంతానమే.

దోషమని చెప్పి ఆగు చిక్కు మంచిది. చెప్పక సాగిపోవునదే ప్రమాదకరము. తెలుగు ఫాంటును పేర్కొనక జీటెక్‌ను నడపిన, దానికి సహజమగు ఆంగ్ల ఫాంటులో తెలుగక్షరములు లేవు గనుక కాగితము ఖాళీగా వచ్చును. పని మాత్రము ఆగదు. 'లాగు' అను చిట్టాఫైలులో, ఫలానా అక్షరము ఫలానా ఫాంటున లేదని ఒక హెచ్చరిక మాత్రముండును. ఆ చిట్టాను విద్యార్థులు తెరచియే చూడరు! 2021 తరువాతి కూర్పులలో 'ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్' విలువను 3గా నుంచినచో, ఇట్టి లోపము కూడ దోషముగా నెంచబడును. అట్లుంచుటయే మా సలహా.

తిరుమల కృష్ణ దేశికాచార్యులవారి 'పోతన 2000' వంటి ఫాంటును పేర్కొన్న తరువాతను ఒక మెలిక కలదు. లిపి తెలుగని ఫాంట్‌స్పెక్ ఆజ్ఞలో వేరుగా తెలుపనిచో వత్తులు కలియకపోవచ్చును: 'లక్ష్మి' అని కొట్టిన పేరు 'లక్‌ష్‌మి' యని పడును. బాలిక తన పేరును సంచికలో అట్లు చూచుకొనరాదు. కావున అచ్చునకు పంపుటకు ముందు పేర్ల పుటను తీసి, ఒకరు చదువుచుండగా వేరొకరు హాజరుపట్టికతో సరిచూడవలెను. సంచికకు వ్యాసము లిచ్చువారు వానిని యూనికోడులో కొట్టి, తాము వాడిన ఫాంటు పేరును క్రింద వ్రాసి పంపవలెను.